ముప్పై ఏళ్లు ఆగి వచ్చే జబ్బు: ఆస్బెస్టాస్ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో ఆస్బెస్టాస్ గురించి మాట్లాడినం. ఆడియోలో టైము సరిపోక కొన్ని సంగతులు వదిలేశాను. తారీఖులు, లెక్కలు నోటితో చెబితే గుర్తుండవు కూడా. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను డాక్టర్‌ను కాదు. ఐటీఐ చదివి, గల్ఫ్‌కు వచ్చి, ఏళ్ల తరబడి సైట్ల మీద బతుకుతున్నవాణ్ణి. ఇప్పుడు పాత బిల్డింగుల రిపేరు పనులకు సూపర్‌వైజర్‌ను. టూల్‌బాక్స్ మీటింగులో "ఆస్బెస్టాస్ డేంజర్, ముట్టుకోవద్దు" అని చెప్పి సంతకాలు తీసుకుంటాం. ఎందుకు డేంజర్, ఎవరు కనిపెట్టారు, కనిపెట్టడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది అనేది ఎవరూ చెప్పరు. కారణం చెప్పకపోతే మనవాళ్లు నమ్మరు. "అన్నా, పొద్దంతా దుమ్ము మింగినం, ఏం గాలే" అంటారు. ఆ మాట నిజమే. ఆ రోజు ఏం కాదు. ఆ సంవత్సరం కూడా ఏం కాదు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కంతా అదే.

ఫలానా పదార్థం వల్ల క్యాన్సర్ వస్తుందని గట్టిగా రాసిన తొలి మనుషుల్లో పర్సివల్ పాట్ ఒకడు. లండన్‌లో సర్జన్. 1775లో రాశాడు. ఆ రోజుల్లో ఇళ్ల పొగ గొట్టాలు ఇరుకుగా ఉండేవి, వాటిని లోపలికి దిగి గోకడానికి చిన్న పిల్లల్ని పెట్టేవాళ్లు. ఒళ్లంతా మసి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక వృషణాల తిత్తి మీద పుండు లేచేది. పని చేసేవాళ్లు దానికి "మసి పులిపిరి" అని తమ పేరు పెట్టుకున్నారు. అంటే మసి వల్లనే వస్తుందని వాళ్లకు ముందే తెలుసు! డాక్టర్లేమో సుఖరోగం అనుకుని పాదరసం మందులు ఇచ్చేవాళ్లు. పాట్ వచ్చి, ఇది సుఖరోగం కాదు, చర్మం మడతల్లో కూరుకుపోయిన మసి వల్ల వచ్చిన క్యాన్సర్ అన్నాడు. పని చేసేవాడికి తెలిసిన సంగతి పుస్తకంలోకి ఎక్కడానికి ఒక పెద్ద డాక్టర్ కావాల్సి వచ్చింది. ఇది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మసిలో ఏముందో తేలడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది. 1915లో టోక్యోలో యమగివ, ఇచికావ అనే ఇద్దరు కుందేళ్ల చెవులకు బొగ్గు తారు పూశారు. ఒక్కసారి కాదు, నెలల తరబడి, విడవకుండా. చివరికి క్యాన్సర్ గడ్డలు లేచాయి. వాళ్లకంటే ముందు కూడా కొందరు ఇలాంటి ప్రయోగం చేశారు, కానీ తొందరగా ఆపేసి "ఏం కాలేదు" అని రాసుకున్నారు. అచ్చం మన సైటు మాటే. తర్వాత 1930లలో లండన్‌లో ఆ తారులోంచి బెంజోపైరీన్ అనే పదార్థాన్ని విడదీశారు. బీడీ, సిగరెట్ పొగలో ఉండేది కూడా అదే.

అది ఒంట్లో ఏం చేస్తుందో సైటు భాషలో చెబుతాను. మన ఒంట్లో ప్రతి కణం దగ్గరా ఒక డ్రాయింగ్ ఉంటుంది, దాని పేరు డీఎన్ఏ. పాత కణం రెండుగా చీలేటప్పుడు ఆ డ్రాయింగ్‌కు కాపీ తీస్తుంది. బెంజోపైరీన్ ఒంట్లోకి రాగానే, దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపాలని శరీరం చూస్తుంది. అలా మార్చే పనిలో దానికి డీఎన్ఏను అంటుకునే గుణం వస్తుంది. అంటుకున్న చోట కాపీ తప్పుగా పడుతుంది. మన ఒంట్లో చెకింగ్ చేసేవాళ్లు కూడా ఉన్నారు, చాలా తప్పుల్ని సరిచేస్తారు, సరికాకపోతే ఆ కణాన్నే చంపేస్తారు. ఒక్క తప్పుతో క్యాన్సర్ రాదు. "ఇక పెరగొద్దు" అని చెప్పే చోట ఒక తప్పు, "పెరుగు" అని చెప్పే చోట ఇంకోటి, చెకింగ్ చేసేవాడి మీదే మరోటి, ఇలా కొన్ని తప్పులు ఒకే కణంలో జమ కావాలి. అందుకే ఏళ్లకేళ్లు పడుతుంది. అందుకే ఈ రోజు దుమ్ము మింగినవాడు రేపు కూడా మామూలుగానే డ్యూటీకి వస్తాడు.

ఇక మన కథలోకి వద్దాం. ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అన్నారు. మంచి పేరు. రాయే, కానీ దూదిలా పీచు పీచుగా వస్తుంది. కాలదు, కుళ్లదు, దారం వడకొచ్చు, సిమెంటులో కలిపితే రేకు అవుతుంది. బాయిలర్ల చుట్టూ, స్టీమ్ పైపుల మీద, ఓడల్లో, సీలింగుల్లో, ఫ్లోర్ టైల్సులో, బ్రేకుల్లో అన్నిట్లో వాడారు. ఆ పీచును ఎంత చీలిస్తే నిలువునా అంత సన్నగా చీలుతుంది. చివరికి కంటికి కనిపించదు, మన వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నం. గాలిలో గంటల తరబడి తేలుతుంది. దగ్గు రాదు, మంట ఉండదు, వాసన ఉండదు. సిమెంటు దుమ్ము నయం, ముక్కులో పడగానే తెలుస్తుంది.

ఊపిరితిత్తుల అడుగు దాకా పోయిన పీచును మింగడానికి కాపలా కణాలు వస్తాయి. మామూలు దుమ్మునైతే మింగేసి బయటికి మోస్తాయి. ఈ పీచు వాటికంటే పొడుగు. ఆరు మీటర్ల రాడ్డును చిన్న పికప్‌లో పెట్టినట్టు, సగం బయటే ఉంటుంది. ఆ కణం దాన్ని మింగలేక, వదల్లేక, లోపలున్న ఘాటు రసాయనాలు బయటికి కక్కి చచ్చిపోతుంది. ఇంకోటి వస్తుంది, దాని గతీ అంతే. పీచు మాత్రం అక్కడే. అలా ఏళ్ల తరబడి వాపు, ఆ రసాయనాల వల్ల పక్క కణాల డీఎన్ఏకు దెబ్బ. కొన్ని పీచులైతే కణం రెండుగా చీలే సమయంలో అడ్డం పడి డ్రాయింగ్ పంపకాన్నే చెడగొడతాయి. ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడితే ఆస్బెస్టోసిస్. లోపల క్యాన్సర్ రావచ్చు. ఊపిరితిత్తి మీద ఉండే పల్చటి పొరకు క్యాన్సర్ వస్తే మీసోథీలియోమా అంటారు. అది వచ్చినవాళ్లలో చాలామంది ఎక్కువ కాలం బతకరు.

ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అనే ఊళ్లో నెల్లీ కెర్షా అనే ఆవిడ టర్నర్ బ్రదర్స్ ఫ్యాక్టరీలో రాతినారతో దారం వడికేది. ఊపిరి అందక మంచాన పడింది. కంపెనీ తన బాధ్యత కాదంది, డబ్బు ఇవ్వలేదు. 1924 మార్చిలో, 33 ఏళ్లకే చనిపోయింది. గుర్తు రాయి కూడా లేని చోట పాతిపెట్టారు. విలియం కుక్ అనే డాక్టర్ ఆవిడ ఊపిరితిత్తుల్ని మైక్రోస్కోప్ కింద చూశాడు. పాత టీబీ మచ్చలు ఉన్నాయి, నిజమే. కానీ వాటితో పాటు పదునైన రాతి ముక్కలు కూడా ఉన్నాయి. అదే సంవత్సరం ఆయన దాని గురించి అచ్చు వేశాడు. ఆస్బెస్టోసిస్ అనే పేరు 1927లో ఆయన పెట్టిందే.

దాంతో ప్రభుత్వం కదిలింది. మెరివెదర్ అనే ఫ్యాక్టరీ డాక్టర్, ప్రైస్ అనే ఇంజనీర్ కలిసి 363 మంది కార్మికుల్ని పరీక్ష చేసి 1930లో రిపోర్టు ఇచ్చారు. నలుగురిలో ఒకరికి ఊపిరితిత్తులు మచ్చకట్టి ఉన్నాయి. ఇరవై ఏళ్లు పైబడి పని చేసినవాళ్లను మాత్రమే చూస్తే, ఐదుగురిలో నలుగురికి! మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఫ్యాన్లు పెట్టండి, దుమ్ము లాగే మిషన్లు పెట్టండి అన్నారు. చదివి సంతోషపడే లోపే ఒక సంగతి చూడండి: ఆ రూల్సు రాతినారతో సరుకు తయారు చేసే ఫ్యాక్టరీలకే. ఆ సరుకును తీసుకుపోయి బిల్డింగుల్లో, ఓడల్లో కోసి, రుద్ది, బిగించేవాళ్లకు ఏమీ లేదు. అంటే మనలాంటి వాళ్లకు. వాళ్ల వంతు రావడానికి 1969 దాకా ఆగాల్సి వచ్చింది.

క్యాన్సర్ సంగతి 1955లో రిచర్డ్ డాల్ తేల్చాడు. సిగరెట్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న లింకు చూపించింది కూడా ఈయనే. అదే రోచ్‌డేల్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పైగా పని చేసిన 113 మందిని లెక్కలోకి తీసుకున్నాడు. మామూలు జనం లెక్కన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఒక్కరు పోవడం కూడా ఎక్కువే. పోయింది 11 మంది.

తర్వాతి ముక్క దక్షిణాఫ్రికాది. కింబర్లీలో ఒక టీబీ ఆస్పత్రి ఉండేది. పడమటి వైపు నీలం ఆస్బెస్టాస్ గనులున్న కొండల నుంచి వచ్చే కొందరు రోగులకు టీబీ మందు ఎంత ఇచ్చినా తగ్గేది కాదు. అక్కడి డాక్టర్ స్లెగ్స్‌కు అనుమానం వచ్చింది. ఆయన, వాగ్నర్, మార్షన్ కలిసి 1960లో 33 మీసోథీలియోమా కేసులు అచ్చు వేశారు. వాళ్లలో చాలామంది గనిలో దిగినవాళ్లే కాదు. చిన్నప్పుడు ఆ గనుల పక్కన ఉన్నవాళ్లు, ఆ కుప్పల దగ్గర ఆడుకున్నవాళ్లు. పెద్దయ్యాక ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు, వేరే పనులు చేసుకున్నారు. డాక్టర్లు కూర్చోబెట్టి "చిన్నప్పుడు ఎక్కడున్నావు" అని అడిగితేనే బయటపడింది. టీబీ అనుకున్నది టీబీ కాదు అనే మాట ఇక్కడ రెండోసారి వచ్చింది, గమనించండి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అమెరికా ముక్క. డాక్టర్ సెలికాఫ్ కార్మికుల రికార్డులు అడిగితే కంపెనీలు ఇవ్వలేదు. ఆయన న్యూయార్క్ ప్రాంతంలో పైపులకు ఇన్సులేషన్ చుట్టే కార్మికుల యూనియన్ దగ్గరికి పోయాడు. యూనియన్ దగ్గర పుస్తకాలు ఉన్నాయి: ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు ఎప్పుడు పోయారు, అన్నీ. 1942 చివరికి ఆ పుస్తకాల్లో ఉన్న 632 మందిని, ఒక్కొక్క పేరు పట్టుకుని, 1962 దాకా లెక్క చూశాడు. ఊపిరితిత్తి లేదా దాని పొర క్యాన్సర్‌తో మామూలుగా అయితే ఆరేడుగురు పోవాలి. 45 మంది పోయారు. 1964లో ఇది అచ్చయ్యాక ఇక బుకాయించడానికి లేకుండా పోయింది.

ఆ పుస్తకాలు లేకపోతే ఏమయ్యేది? ఆ 45 మంది 45 ఇళ్లలో, 45 వేరు వేరు కారణాలతో పోయినట్టు రాసి ఉండేది. సిగరెట్ తాగేవాడు, వయసైంది, ఖర్మ, అంతే.

సిగరెట్ అంటే గుర్తొచ్చింది. 1979లో సెలికాఫ్ వాళ్లే ఇంకో లెక్క చెప్పారు. పొగ తాగని, రాతినార ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే ముప్పు ఒకటి అనుకుంటే, రాతినార పని చేసి పొగ తాగనివాడికి ఐదు, పొగ మాత్రమే తాగేవాడికి పదకొండు. రెండూ ఉన్నవాడికి పదహారు కాదు, యాభై మూడు. ఒకటి ఊపిరితిత్తిని రోజూ గాయపరుస్తుంటే ఇంకోటి ఆ గాయం మీద పని చేస్తుంది. అందుకే దుమ్ము పని చేసేవాడు సిగరెట్ మానితే మిగతావాళ్లకంటే ఎక్కువ లాభం. మీసోథీలియోమాకు మాత్రం సిగరెట్‌తో సంబంధం లేదు, మానినవాడికైనా రావచ్చు.

1965లో లండన్ నుంచి వచ్చిన లెక్కలో తొమ్మిది మంది మీసోథీలియోమా రోగులు ఎప్పుడూ రాతినార పని చేయలేదు, కానీ ఇంట్లో ఒకరు చేసేవాళ్లు. ఎక్కువగా వినిపించిన కథ ఏమిటంటే, మొగుడి డ్యూటీ బట్టలు ఉతికిన పెళ్లాం. మన క్యాంపులో పన్నెండు మంది బట్టలు ఒకే మిషన్లో పడతాయి. దుమ్ము పని నుంచి వచ్చినవాడు బట్టలు రూములో దులపకుండా, విడిగా తడిపి ఉతికితే మిగతా పదకొండు మందికి మేలు.

ఇంగ్లండ్ 1999లో తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించింది. యూరప్ అంతా 2005కు మానేసింది. యూఏఈ 2006లో ఆస్బెస్టాస్ బోర్డులను నిషేధించింది. నిషేధం అంటే కొత్తది పెట్టరని, అంతే. అంతకు ముందు కట్టిన బిల్డింగుల్లో పెట్టింది అక్కడే ఉంది. దాన్ని కూల్చేది, తొలిచేది మనం. బిల్డింగ్ పాతదైతే "సర్వే అయిందా" అని ఫోర్‌మన్‌ను అడగడం తప్పు కాదు. అడిగే హక్కు ఉంది. ముఖానికి కట్టుకునే తువ్వాల ఈ పీచును ఆపదు, పల్చటి సర్జికల్ మాస్కూ ఆపదు. ఎఫ్‌ఎఫ్‌పీ3 లాంటి గట్టి మాస్కు కావాలి, అది కూడా గడ్డం గీసుకుని ముఖానికి అతుక్కుంటేనే. పొడిగా ఊడ్చకూడదు, కంప్రెసర్ గాలితో ఊదకూడదు, తడిపి తీయాలి. అసలు తీసే పని లైసెన్సు ఉన్నవాళ్లది.

మన దగ్గర సంగతి వేరు. రాతినార మనకు కొత్త కాదు, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రకం గనులు ఉండేవి. హైదరాబాదులో 1946లోనే ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ పెట్టారు. మన ఊళ్లలో సిమెంటు రేకులు అంటే పేదోడి స్లాబు. గడ్డి ఇంటికి నిప్పు భయం, స్లాబుకు డబ్బు లేదు, రేకులే గతి. ఇండియాలో తెల్ల ఆస్బెస్టాస్ రేకులు ఇప్పటికీ చట్టప్రకారం తయారవుతున్నాయి, ముడి పీచు ఎక్కువగా రష్యా నుంచి వస్తుంది. తెల్లది నీలం అంత చెడ్డది కాదని అమ్మేవాళ్లు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవేనని చెబుతోంది.

"మరి మా ఇంటి మీద రేకులే ఉన్నాయి, పీకెయ్యాలా?" అని చాలామంది వాయిస్ మెసేజ్ పెట్టారు. భయపడి పీకితేనే ప్రమాదం. పగలని రేకులో పీచు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. దాన్ని రంపంతో కోయొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, వైరు బ్రష్‌తో రుద్దొద్దు. మార్చే రోజు వస్తే నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా కిందికి దించాలి, సుత్తితో కొట్టకూడదు. పగిలిన ముక్కల్ని వాకిట్లో గుంతలు పూడ్చడానికి, కోళ్ల గూటికి వాడతారు, పిల్లలు వాటి మీదనే ఆడతారు. కింబర్లీ పిల్లల సంగతి అందుకే అంత వివరంగా రాశాను.

1995 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో ఒక తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం అతని బతికే హక్కులో భాగం అంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని కంపెనీలకు చెప్పింది. నలభై ఏళ్లు! జడ్జిలు ఈ జబ్బు లెక్క సరిగ్గా పట్టుకున్నారు.

మన కాంట్రాక్టు రెండేళ్లు. వీసా క్యాన్సిల్ అయిన రోజు కంపెనీ కంప్యూటర్లో మన పేరు ముందు ఒక గీత పడుతుంది. సబ్ కాంట్రాక్టరైతే మూడేళ్లకు బోర్డే మారిపోతుంది. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు గదా అంటారు. అది ప్రధానంగా టీబీ ఉందా లేదా అని చూడడానికి. ఊపిరితిత్తిలో ఉన్న పీచు ఎక్స్‌రేలో కనిపించదు, అది చేసిన మచ్చ కనిపించడానికి ఏళ్లు పడుతుంది. ఫిట్ అని ముద్ర పడితే ఆ రోజుకు ఫిట్, అంతే. అరవై ఏళ్లప్పుడు ఊళ్లో దమ్ము వచ్చి కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో డాక్టర్ దగ్గరికి పోతే, బీడీ తాగుతావా, టీబీ వచ్చిందా అని అడుగుతాడు. ముప్పై ఏళ్ల కింద ఏ దేశంలో ఏ బిల్డింగ్ కూల్చావని ఆయనకు తట్టదు, మనకు గుర్తుండదు.

సెలికాఫ్‌కు దొరికిన యూనియన్ పుస్తకం మనకు లేదు. అందుకే ఎవరి పేజీ వాళ్లు రాసుకోమని చెబుతున్నాను. కంపెనీ పేరు, సైటు ఉన్న ఊరు, బిల్డింగ్ కొత్తదా పాతదా, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏం పని, ఏం దుమ్ము, మాస్కు ఇచ్చారా లేదా. సిలికా దుమ్ము, వెల్డింగ్ పొగ, డీజిల్ పొగ కూడా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలోనే ఉన్నాయి కాబట్టి గ్రైండర్, వెల్డింగ్, జనరేటర్ రూము పనులూ రాయండి. ఐడీ కార్డు, కాంట్రాక్టు, జీతం స్లిప్పు ఫోటో తీసి ఇంటికి పంపండి. ఫోన్ పోతుంది, ఇంటి దగ్గర ఒక కాగితం ఉండాలి.

మా క్యాంపులో కొందరు మొదలుపెట్టారు. ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, సైటు పేరు యాదికి లేదు, పోర్టు పక్కన పాత గోదాం, రేకులు దించినం అని రాస్తే నడుస్తదా?" నడుస్తది. సంవత్సరం కూడా రాయి అన్నాను.